దించాక దూకేయడం పైలట్ పని కాదు



రాత్రిళ్ళు నేను కంప్యూటర్లో గేమ్ ఆడతానని మొన్న మాటవరసకి ఒక లైను రాశాను. పురుగుమందుల రేట్ల గురించి అంత పొడుగు పోస్టు రాస్తే దాన్నొదిలేసి అందరూ ఆ ఒక్క లైనునే పట్టుకున్నారు. "ఈ వయసులో ఏంది పెద్దాయనా" అని కొందరు, "ఏ గేమ్ బాబాయ్, ఏ క్లాస్" అని కుర్రోళ్ళు. మొదటి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, చెప్పాల్సిన పని కూడా లేదు. రెండోదానికి మాత్రం చాలా చెప్పాలి. ఎందుకంటే ఆ ఆటలో నేను చేసే పని మీద మా ఇంట్లోనే ఒక తగువు నడుస్తోంది. మీరే చెప్పండి ఎవరిది న్యాయమో.

ఆట పేరు ప్లానెట్‌సైడ్ 2. 2012 నవంబర్లో వచ్చింది, అంటే కుర్రోళ్ళ లెక్కలో ముసలి ఆటే. డబ్బు కట్టకుండా ఆడొచ్చు. ఆరాక్సిస్ అని ఒక ఊహాగ్రహం. దాని మీద మూడు పక్షాలు ఎప్పుడూ కొట్టుకుంటా ఉంటాయి. ఎర్రరంగు వాళ్ళు టెర్రన్ రిపబ్లిక్, నీలం వాళ్ళు న్యూ కాంగ్లోమరేట్, ఊదారంగు వాళ్ళు వానూ సావరెంటీ. ఇండార్ అని ఒక ఖండం, అక్కడ ఎండ, ఎర్రకొండలు, లోయలు. ఎసామిర్ అంతా మంచు. హాసిన్ అంతా చిత్తడి, పెద్దపెద్ద చెట్లు. మిగతా ఆటల్లో పదిమందో ఇరవైమందో ఆడితే ఇక్కడ వందలమంది ఒకే నేల మీద ఒకేసారి దిగుతారు. 2015 జనవరిలో ఒకే పోరులో 1,158 మంది ఆడారని గిన్నిస్ రికార్డు కూడా ఉంది.

ఇంతమంది యుద్ధంలో నాది డ్రాప్‌షిప్ పైలట్ పని. డ్రాప్‌షిప్ అంటే సైనికుల్ని ఎక్కించుకొని వెళ్ళి శత్రువు నెత్తిన దించే విమానం అనుకోండి. ఈ ఆటలో దాని పేరు గెలాక్సీ. పన్నెండు మంది పడతారు. ఆటలో ఒక స్క్వాడ్ అంటే కూడా పన్నెండు మందే. అంటే ఒక జట్టు మొత్తం ఒక్క బండిలో. నలుగురు తుపాకుల దగ్గర కూర్చుంటారు, ఏడుగురు ఊరకే కూర్చుంటారు, మిగిలిన ఒక్కడు నడుపుతాడు. వాల్కైరీ అని ఇంకో చిన్నది ఉంది, దాంట్లో ఆరుగురే. నాకు పెద్దదే ఇష్టం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ గెలాక్సీ పైలట్ చేతిలో ఒక్క తుపాకీ కూడా ఉండదు. నాలుగు తుపాకులూ గన్నర్లవే. పైలట్ ఎడమకి తిప్పగలడు, కుడికి తిప్పగలడు, ముక్కు దించగలడు, కాసేపు వేగం పెంచగలడు. అంతే. యుద్ధం కోసమే చేసిన ఆటలో, అందరూ కాల్చడానికే వచ్చిన చోట, కాల్చే వీలు లేని సీటు అది. కుర్రోళ్ళు ఆ సీటుని తప్పించుకు తిరుగుతారు. నాకు ఆ సీటు దొరికింది కూడా అందుకే. నా చూపు, నా వేళ్ళు ఇరవై ఏళ్ళ పిల్లోడి తుపాకీతో పోటీ పడలేవు. కానీ గాలిలో ఎక్కడ ఎత్తు ఉండాలి, ఏ కొండ చాటున రావాలి, ఎప్పుడు ముక్కు దించాలి అనేదానికి వేళ్ళ వేగం అక్కర్లేదు. ఓపిక కావాలి. అది నా దగ్గర ఎక్కువే ఉంది.

పని ఎలా ఉంటుందో కాస్త చెప్తాను, ఆడనివాళ్ళకి కూడా అర్థం కావాలి గదా. మన వార్ప్‌గేట్ దగ్గర బండి తీసుకుంటాం. అందరూ ఎక్కేదాకా ఆగాలి. ఎవడో ఒకడు నీళ్ళు తాగడానికి పోయి ఉంటాడు, వాడి కోసం పదిమంది తిట్టుకుంటా కూర్చోవాలి. అందరూ ఎక్కాక మొదట పైకి. ఆట పెట్టిన హద్దు దాకా ఎత్తు తీసుకుంటే కిందనుంచి కొట్టేవాళ్ళకి సరిగ్గా అందం. కానీ అంత పైన శత్రువుల చిన్న విమానాలు కాచుకొని ఉంటాయి. మస్కిటో, రీవర్, సైథ్ అని ఒక్కో పక్షానికి ఒక్కోటి. గెలాక్సీకి ఒళ్ళు గట్టిదే గానీ తిరగడం నిదానం. అవి వెనక పడ్డాయంటే తోక దగ్గరున్న గన్నరే దిక్కు. ఆయన నిద్రమొహం వేసుకొని ఉంటే ఇంక అంతే.

సరే, స్థావరం దగ్గరికొచ్చాం. అక్కడ కింద బర్స్టర్లు తగిలించుకున్న మ్యాక్స్‌లు, స్కైగార్డ్ ట్యాంకులు ఉంటాయి. ఆకాశమంతా పేలాల మూకుడులా చిటపటలాడుతుంది. ఆ నిప్పుల్లోంచి కట్టడం పైకప్పు మీదికి బండిని తేవాలి. మరీ తొందరగా దూకమంటే కుర్రోళ్ళు కప్పు దాటి ఎక్కడో ఇసకలో పడతారు. ఆలస్యమైతే అందరం కలిసి పేలిపోతాం. ఆ రెండిటి మధ్య రెండు మూడు సెకన్లు ఉంటాయి. ఆ సెకన్లలో "దూకండి" అనాలి. గెలాక్సీలోంచి దూకినవాడికి ఎంత ఎత్తయినా దెబ్బ తగలదు, ఆట అలా పెట్టింది. పదకొండు మంది వానచినుకుల్లా రాలి ఒకే కప్పు మీద నిలబడితే చూడాలండీ. ఆ క్షణానికి బండి ఒక్కసారిగా ఖాళీ.

తగువు ఇక్కడే.

మా స్క్వాడ్ లీడర్ మావాడే. హైదరాబాద్‌లో ఉద్యోగం. వాడి కాలేజీ స్నేహితులు ఏడెనిమిది మంది, ఒకడు బెంగళూరు, ఒకడు జర్మనీ. మిగతా సీట్లలో ఎవరో ఒకరు వచ్చి ఎక్కుతారు, ఏ దేశమో ఏ భాషో తెలీదు. మావాడి మాటేంటంటే, పదకొండు మంది దూకాక పైలట్ కూడా బండిని వదిలేసి దూకేయాలి. ఖాళీ బండి ఎందుకు, చేతిలో తుపాకీ లేనివాడు పైన తిరిగి ఏం చేస్తాడు, కింద పన్నెండో తుపాకీ ఉంటే స్థావరం తొందరగా మనదవుతుంది గదా అని. బండి పోతే పోనీ, నానైట్లు మళ్ళీ నిండుతాయి, ఇంకోటి తీసుకుందాం అంటాడు. వాడొక్కడే కాదు, ఆటలో సగం మంది చేసేది ఇదే. దూకేస్తారు, బండి దాని దారిన పోయి ఏదో కొండకి గుద్దుకుంటుంది. ఒక్కోసారి కింద మనవాళ్ళ నెత్తినే పడుతుంది. దానికి నవ్వుకుంటారు.

నేను దూకను. మంటలంటుకొని ఇంక నిలవదు అని తేలినప్పుడు తప్ప దూకను.

నా వాదన వినండి. పదకొండు మంది కప్పు మీద దిగారు. మొదటి రెండు నిమిషాల్లో నలుగురు పోతారు, అది ఖాయం. ఆ నలుగురు మళ్ళీ ఎక్కడ లేవాలి? దగ్గర్లో మనది ఏదీ లేకపోతే ఎక్కడో వెనక స్థావరంలో లేచి, మళ్ళీ బండి వెతుక్కొని రావాలి. వాళ్ళొచ్చేలోపు మిగతావాళ్ళు కూడా పోతారు. కానీ గెలాక్సీ ఇంకా గాలిలో ఉందనుకోండి, చనిపోయిన స్క్వాడ్ వాళ్ళు నేరుగా దాని సీట్లలోనే లేవొచ్చు. ఆట ఆ వీలు ఇచ్చింది. నేను కొండవెనక నక్కి ఒక చుట్టు చుట్టి వచ్చేసరికి నా వెనక నలుగురు కూర్చొని ఉంటారు. మళ్ళీ అదే కప్పు మీద వేస్తాను. మొదటి దింపుకి శత్రువు ఉలిక్కిపడతాడు. రెండో దింపుకి వాడికి అర్థమవుతుంది, వీళ్ళు అయిపోయేవాళ్ళు కాదని. మూడోదానికి కాళ్ళు వెనక్కి పడతాయి. పన్నెండో తుపాకీ ఇదంతా చేయగలదా?

ఇక్కడ మావాడి మాటలో నిజం లేదని నేననను. పైన తిరిగే గెలాక్సీ పెద్ద గురి. అది కనబడగానే చుట్టుపక్కల చిన్న విమానాలన్నీ వస్తాయి. సరిగ్గా దాక్కోవడం రాని పైలట్ ఉంటే ఆ నలుగురూ సీట్లో లేచి సీట్లోనే చస్తారు, అది ఇంకా నష్టం. అలాంటి పైలట్ దూకేయడమే మేలు. కానీ దానికి మందు దాక్కోవడం నేర్చుకోవడం. సీటు వదిలేయడం కాదు. ఇంకోటి, ఆట ఇచ్చే పాయింట్లలో ఈ రెండో ట్రిప్పుకి విలువ తక్కువ. గన్నర్ ఎవణ్ణయినా కొడితే నాకూ కాస్త వాటా వస్తుంది గానీ, కొండచాటున ఐదు నిమిషాలు కదలకుండా కాచుకొని ఉన్నందుకు ఏం రాదు. బోర్డు మీద ఎవడు ఎంతమందిని చంపాడో కనబడుతుంది. ఎవడు ఎంతమందిని మోశాడో వెతికి చూసుకోవాలి. అలా పెడితే కుర్రోళ్ళు ఎందుకు కూర్చుంటారు? ఈ విషయంలో తప్పు పిల్లలది కాదు, లెక్క రాసేవాడిది.

1986లో వచ్చిన ఏలియన్స్ సినిమా మావాడే చూపించాడు. జేమ్స్ కామెరాన్ తీసింది. ఇప్పుడు ఆటల్లో కనిపించే డ్రాప్‌షిప్పుల రూపం చాలావరకు ఆ సినిమా నుంచి వచ్చిందేనని నాకనిపిస్తుంది. అందులో మొదటి ఓడ పైలట్లు చనిపోయి ఓడ కూలిపోతుంది, దాంతో కిందున్నవాళ్ళ బతుకు తెల్లారిపోతుంది. ఎన్ని తుపాకులుండి ఏం లాభం, పోవడానికి దారి లేదు. చివర్లో బిషప్ అనే యంత్రమనిషి రెండో ఓడ తెస్తాడు. ఆ హీరోయిన్ పాపని ఎత్తుకొని పైకొచ్చేసరికి ఓడ కనబడదు. వదిలేసి పోయాడు అనుకుంటుంది. అతను పోలేదు. నిలబడ్డ చోటు కదిలిపోతుంటే చుట్టు తిరిగి వచ్చాడు. సినిమా అంతటిలో నాకు గుర్తున్న వీరుడు అతనే, ఒక్క గుండు కూడా కాల్చకుండా. మావాడు మాత్రం ఆ సినిమాలో తుపాకుల గురించే మాట్లాడతాడు.

సినిమా వద్దంటారా, నిజం యుద్ధం చెప్తాను. 1971 డిసెంబర్లో మన నాలుగో కోర్ సైన్యం ఢాకా వైపు పోతుంటే మేఘనా నది అడ్డం వచ్చింది. ఆశుగంజ్ దగ్గరున్న వంతెనని వెనక్కి పోతున్న పాకిస్తాన్ సేన పేల్చేసింది. జనరల్ సగత్ సింగ్ ఆగలేదు. గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ ఆధ్వర్యంలో మీ-4 హెలికాప్టర్లతో జవాన్లని నది దాటించారు. ఉన్నవి కొన్నే హెలికాప్టర్లు. ఒక్కోదాంట్లో పట్టేది కొద్దిమందే. మరి అంత సైన్యం ఎలా దాటింది? దించిన హెలికాప్టర్ మళ్ళీ వెనక్కి వచ్చింది, మళ్ళీ ఎక్కించుకుంది, మళ్ళీ పోయింది. పగలూ రాత్రీ అదే. మొదటి ట్రిప్పులో దించిన పైలట్ "నేనూ దిగి పోరాడతా" అని హెలికాప్టర్‌ని నదిలో వదిలేసి ఉంటే ఏమయ్యేది? అవతలి ఒడ్డున కొద్దిమంది మనవాళ్ళు, ఇవతలి ఒడ్డున మిగతా అందరూ.

మావాడికి ఇది చెప్తే, "నాన్నా, అది యుద్ధం, ఇది ఆట" అన్నాడు. నిజమే. మరి ఆటలో వాడు గెలవడానికి అంత కేకలెందుకు వేస్తాడు?

మన దగ్గర చూడండి. మిరపకోతలకి కూలీల్ని తెచ్చే ఆటో ఉంటుంది. పొద్దున పదిహేను మందిని చేలో దించి డ్రైవర్ కూడా కోతకి దిగితే ఒక మనిషి కూలి ఎక్కువొస్తుంది. కానీ మధ్యాహ్నం ఎవరికైనా కళ్ళు తిరిగితే? సాయంత్రం బస్తాలు కట్టాక ఇంకో చేలో మిగిలిపోయినవాళ్ళని తేవాలంటే? ఆటోలో ఖాళీగా కూర్చున్నవాణ్ణి చూసి సోమరి అనుకునే రైతు నేనైతే కాను.

ఇంకో మాట రాయాలా వద్దా అని ఆలోచించాను, రాసేస్తున్నా. మొన్న శనివారం ఆట అయిపోయాక అందరూ వెళ్ళిపోయారు. మావాడు ఒక్కడే లైన్లో ఉన్నాడు. "నువ్వు కూడా ఒక్కసారి దూకొచ్చు గదా నాన్నా, ఇద్దరం కలిసి ఒక గదిలోకి పోదాం, నువ్వు ఎప్పుడూ పైనే ఉంటావు" అన్నాడు. పన్నెండో తుపాకీ గురించి ఇన్నాళ్ళూ వాడు చెప్పిన లెక్కల్లో ఈ మాట ఎప్పుడూ లేదు. నేను కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేను దూకితే నువ్వు చచ్చినప్పుడు ఎక్కడ లేస్తావురా" అన్నాను. వాడు నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. వాడికి పెళ్ళయ్యి, పిల్లలు పుట్టాక ఈ శనివారాలు ఎన్ని మిగులుతాయో తెలుసు. అయినా నా సీటు మీద నా మాట మారదు. వాడితో పక్కన నడవాలంటే దానికి ఊళ్ళో గట్లు ఉన్నాయి, పండక్కి వస్తే నడుస్తాం. అక్కడ మాత్రం వాడు కింద, నేను పైన.

ఆడేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే కామెంట్లో చెప్పండి, మీ పైలట్ దించాక ఉంటాడా, దూకేస్తాడా. ఉండేవాడైతే తోక గన్నర్ సీట్లో కాస్త మెలకువగా ఉండే మనిషిని కూర్చోబెట్టండి. మా జట్టులో ప్రస్తుతం ఆ సీటు ఖాళీ. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి మొదలు. సర్వర్ యూరప్‌ది కాబట్టి మన నెట్‌కి కాస్త ఆగి ఆగి వస్తుంది, దానికి అలవాటు పడాలి. కరెంటు పోతే మాత్రం నన్నేమీ అనొద్దు.