వంటకు రాని పొయ్యి – వివేకం గల శ్రద్ధ

చీనాదేశంలో హాన్ వంశపు కాలం (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) నాటి సమాధులలో మట్టితో చేసిన పొయ్యిలు, బావులు, ధాన్యపు గాదెలు, పందుల దొడ్లు, కావలి కుక్కలు లభించాయి. ఆ పొయ్యిపై వంట సాగదు. ఆ బావిలో నీరు ఊరదు. పరలోకగతుని కొరకు నిర్మించిన ఈ వస్తువులను ఆ దేశీయులు ‘మింగ్‌చీ’ అన్నారు. ప్రకాశపాత్రలని శబ్దార్థం.

వీటిని మూఢవిశ్వాసమని త్రోసివేయడం సులభమే గాని సమంజసం కాదు. కన్‌ఫ్యూషియస్ సంప్రదాయానికి చెందిన ‘లీజీ’ అనే ఆచారగ్రంథం ఈ విషయాన్ని సూక్ష్మంగా విచారించింది. మృతుని కేవలం మృతునిగా భావించి వ్యవహరించడం ప్రేమరాహిత్యం; జీవించి ఉన్నవానిగా భావించి వ్యవహరించడం వివేకరాహిత్యం. కనుక రూపం ఉండి ఉపయోగం లేని వస్తువునే సమర్పించాలని దాని సిద్ధాంతం. ప్రేమకు, జ్ఞానానికి రెండింటికీ భంగం కలుగని మార్గమిది.

మనుష్యాకృతి గల బొమ్మలను పాతిపెట్టడాన్ని మాత్రం ఆ గ్రంథంలో కన్‌ఫ్యూషియస్ గర్హిస్తాడు. అది నరబలికి సమీపమని ఆయన శంక. ఆ శంక నిరాధారం కాదు. అంతకు పూర్వం షాంగ్ రాజుల సమాధులలో నిజంగానే మనుష్యులు బలి అయ్యారు. అయినా ప్రాణికి బదులు మట్టిని ఉంచడం ధర్మదృష్టిలో మహోన్నతమైన అడుగు. యజ్ఞంలో పశువునకు ప్రతినిధిగా పిష్టపశువును గ్రహించిన మాధ్వ సంప్రదాయం తెలిసినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

కాలక్రమంలో ఈ శ్రద్ధ ఆడంబరంగా మారింది. తాంగ్ వంశపు కాలంలో (618–907) మూడు వర్ణాల మెరుగుపూతతో గుఱ్ఱాలు, ఒంటెలు వెలిశాయి. అంత్యయాత్రలో వైభవ ప్రదర్శన మితిమీరగా, హోదాను బట్టి బొమ్మల సంఖ్యను, ఎత్తును శాసనాలతో నియంత్రించవలసి వచ్చింది. మృతునికై చేసినది జీవించి ఉన్నవారి కీర్తికై చేసినదైనప్పుడు అందులో సమర్పణ మిగలదు.

20వ శతాబ్ది ఆరంభంలో లోయాంగ్ పరిసరాలలో రైలుమార్గానికై త్రవ్వినప్పుడు ఇటువంటి బొమ్మలెన్నో బయటపడి పురావస్తు విపణికి చేరాయి. నేడవి సంపన్నుల గృహాలంకారాలు. జ్ఞానార్థమై శాస్త్రీయంగా త్రవ్వి, ప్రదర్శనశాలలో భద్రపరచడం వేరు. విక్రయార్థమై సమాధిని కొల్లగొట్టడం వేరు. రెండవది దత్తాపహారమే. ఇచ్చినవాడు లేడు, పుచ్చుకొన్నవాడు లేడు గనుక దోషం లేదనుట అధర్మం.

వంటకు రాని ఆ పొయ్యి వెల కట్టుటకూ రానిదే. ప్రతిఫలం ఆశింపక, తిరిగి రాదని తెలిసీ ఇచ్చిన దానంలోనే దాని సార్థకత ఉన్నది.