ఫ్లెక్సీలో అయితే అతుకు, ఆడపిల్ల ఫోటో అయితే నిజమా?

పండగొస్తే చాలు, మా మంగళగిరిలో గాలిగోపురం కంటే ముందు ఫ్లెక్సీలు కనపడతయ్. పైన పెద్దాయన, పక్కన చిన్నాయన, కింద తపాలా బిళ్లంత మొహాలు ఓ ముప్పై. వార్డు కార్యకర్త భుజం మీద పెద్దాయన చెయ్యి. ఆ చెయ్యి ఏనాడూ ఆ భుజం మీద పడలేదని ఊరందరికీ తెలుసు. అయినా ఎవడూ అడగడు. ఫ్లెక్సీయే గదా అనుకుని నవ్వుకుంటా పోతాం.

మొన్న ఓ సభకి బ్యానర్ కొట్టిద్దామని షాపుకి పోయా. కంప్యూటర్ ముందు పాతికేళ్ల కుర్రాడు. పది ఫోటోలు వాట్సాప్‌లో పంపితే అరగంటలో ఒకటి చేసి పెట్టాడు. ఎట్టా చేశావయ్యా అంటే చూపించాడు. లేయర్లంటే గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే. ఒక పలక మీద మొహం, ఇంకోదాని మీద ఒళ్లు, అడుగున ఆకాశం. మొహం అంచు కోసి, మెడ కాడ మెత్తగా కలిపి, రంగు సరిచేసి, నీడ వేస్తాడు. ఆఖర్న అన్నీ కలిపి ఒకే బొమ్మగా దాస్తే అతుకు లోపలికి పోద్ది. ఫోటోషాప్ 1990లో వచ్చింది, అందులో ఈ లేయర్లు 1994లో వచ్చినయ్. ఇప్పుడు ఆ పని ఫోన్లోనే అవుతంది. మగ్గం ఎరిగిన ఊరు మనది. కొత్త పడుగుని పాత పడుగుకి పోగు పోగునా అతికితే, అతికినోడికే ఆ సంగతి తెలుస్తది. ఇదీ అంతే.

పని మంచిదే, కూడు పెడతంది. కానీ ఇదే పనితో ప్రాణాలూ పోతన్నయ్. 2022లో మా మండలంలోనే ఒక ఇల్లాలు లోన్ యాప్ వాళ్ల వేధింపులు పడలేక చచ్చిపోయింది. అదే ఏడు రాజమండ్రిలో భార్యాభర్తలు ఇద్దరూ పోయారు, పిల్లలు మిగిలారు. ఈ యాప్‌లు అప్పిచ్చే ముందు గ్యాలరీ అడుగుతయ్, కాంటాక్టులు అడుగుతయ్. మనం చదవకుండానే సరే అని నొక్కుతాం. గ్యాలరీలో మొహం దొరికింది, కాంటాక్టుల్లో చుట్టాలు దొరికారు. ఆ మొహాన్ని ఎవరి ఒంటికో అతికి, చుట్టాలందరికీ పంపుతామని బెదిరిస్తారు. ఇక్కడ తాకట్టు బంగారం కాదు, పరువు.

2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు ఫోన్లోని ఫైళ్లు, కాంటాక్టులు ముట్టుకోవద్దని అప్పు యాప్‌లకి చెప్పింది. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా ప్లేస్టోర్‌లో అదే కట్టడి పెట్టింది. కానీ లింకు పంపి ఎక్కించే దొంగ యాప్‌కి ఏ కట్టడీ పట్టదు.

అసలు మాట ఇప్పుడు చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. ఆ బొమ్మకి బలం ఫోటోషాప్ ఇవ్వలేదు, మనం ఇచ్చాం. పెద్దాయన చెయ్యి అతుకని చిటికెలో కనిపెట్టిన కళ్లే, పక్కింటి పిల్ల ఫోటో వస్తే “నిప్పు లేందే పొగొస్తదా” అంటయ్. వాడు అప్పు వసూలు చేసేది మన నోళ్ల మీద నమ్మకంతోనే. ఊరు నమ్మదని తెలిసిన రోజున ఆ బొమ్మకి చిల్లిగవ్వ విలువుండదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఫోన్‌కి అట్టాంటిది వస్తే ఇంకొకళ్లకి పంపొద్దు. ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద అశ్లీల బొమ్మ పంపినోడికీ మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉంది. తయారు చేసినోడికే అనుకోమాకండి. బెదిరింపు వచ్చినోళ్లు మెసేజీలు చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసి, 1930కి ఫోన్ చెయ్యండి, కేంద్రం సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. 2021 ఐటీ నిబంధనల్లో మార్ఫింగ్ బొమ్మల మాట పేరు పెట్టి రాశారు. ఫిర్యాదు చేస్తే ఫేస్‌బుక్ లాంటి కంపెనీలు తీసెయ్యాల్సిందే.

ఇంకో పని ఉంది, అది పోలీసులు చెయ్యలేరు. ఎడిటింగ్ వచ్చిన పిల్లలు ఊరికొకరైనా ఉన్నారు. ఒక సాయంత్రం అమ్మనీ నాన్ననీ పక్కన కూర్చోబెట్టుకుని, మీ మొహాన్నే ఓ సినిమా హీరో ఒంటికి అతికి చూపించండి. మెడ కాడ రంగు, నీడ పడే దిక్కు, జుట్టు అంచు ఎట్టా పట్టుకోవాలో చెప్పండి. రేపు వాళ్ల కూతురి ఫోటో ఎవడన్నా పంపితే, ఆ తల్లి ముందు కూతుర్ని తిట్టకుండా ఫోన్ తీసుకుని మెడ కాడ చూస్తది. ఆ పిల్ల బతకడానికి అది చాలు.