బందర్లో ఏముందండీ... లడ్డూ తప్ప?

పై ప్రశ్న నాది కాదు. పోయిన వారం మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర విన్నాను. విన్నప్పట్నుంచీ కడుపుమంట, ఇంకా తగ్గలేదు. అందుకే ఈ టపా.

కిందటి డిసెంబర్లో మా టీములో నలుగురం పాండిచ్చేరి వెళ్ళాం. అక్కడ తెల్లవారగానే మనకో సైకిలిచ్చి, ఓ గైడు ముందు తొక్కుతుంటే వెనకాల మనం తొక్కుకుంటూ పాత ఊరంతా చూసే టూరు ఉంది. మనిషికి వెయ్యి పైనే. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. కారులో వారం తిరిగినా తెలియని సంగతులు రెండు గంటల్లో తెలిశాయి. కాలవకి ఇటు తెల్లవాళ్ళు, అటు మనవాళ్ళు అని ఊరిని ఎలా పంచారో గైడు సరిగ్గా ఆ కాలవ గట్టునే సైకిళ్ళు ఆపించి చెప్పాడు. అలాంటి మాట పుస్తకంలో చదివితే ఒక రకం, అక్కడ నిలబడి వింటే ఇంకో రకం.

ఆ ఫోటో వాట్సాపులో పంపితే మా బాపు వెంటనే ఫోన్ చేశాడు. "ఏందిరా, గంత దూరం పోయి సైకిల్ తొక్కుడేంది? కారు దొర్కలేదా?" మాది కమాన్‌పూర్. బాపు సింగరేణిలో పనిచేశాడు. ఏళ్ళ తరబడి చీకట్లో లేచి, హ్యాండిలుకి టిఫిన్ తగిలించుకుని, సైకిల్ మీదే బాయికి పోయాడు. నేను ఐదో క్లాసులో ఉండగా మోటర్ సైకిల్ కొన్నాడు. ఆ రోజు ఆదివరాహస్వామి గుడి ముందు దానికి చేయించిన పూజ నాకింకా గుర్తుంది. ఆయన లెక్కలో సైకిల్ అంటే కష్టపడి దిగిపోయిన బండి. దాన్ని ఎక్కడానికి కొడుకు వెయ్యి రూపాయలు కట్టాడని ఎట్లా చెప్పను? "ఫ్రీనే బాపూ" అనేశాను :)

సరే, అసలు విషయం. తిరిగొచ్చాక నాకో పురుగు పట్టుకుంది. పాండిచ్చేరిలో ఇంత కథ ఉంటే మన బందర్లో ఎంత ఉండాలి! ఫ్రెంచివాళ్ళు పాండిచ్చేరికి వచ్చింది 1674లో. అంతకు ఐదేళ్ళ ముందే, 1669లో, గోల్కొండ సుల్తాను దగ్గర ఫర్మానా తెచ్చుకుని బందర్లో వ్యాపారం మొదలుపెట్టారు. వాళ్ళకంటే ముందు 1611లో ఇంగ్లీషువాళ్ళు, ఇంకా ముందు 1605లో డచ్చివాళ్ళు అక్కడే దిగారు. అప్పటికి మద్రాసు కోట పుట్టనే లేదు. ఇంకో తమాషా చూడండి. 1761లో ఇంగ్లీషువాళ్ళు పాండిచ్చేరిని దాదాపు నేలమట్టం చేశారు. అంటే మనం అక్కడ ఆనుకుని ఫోటోలు దిగే పసుపు గోడల్లో చాలా భాగం ఆ తర్వాత కట్టినవే. బందరు డచ్చి సమాధుల మీద చెక్కిన అక్షరాలు అంతకు వందేళ్ళ ముందువి.

ఫిబ్రవరిలో ఓ శనివారం బందరు పోయాను. అలాంటి సైకిల్ టూరు ఎక్కడైనా ఉందేమోనని అడిగితే ఎవరూ అవునన్లేదు. కోనేరు సెంటర్ దగ్గర ఓ సైకిల్ షాపాయన మాత్రం, "ఆటోలు ఉన్నాయి కదండీ" అంటూనే జాలిపడి తన సొంత సైకిల్ ఇచ్చాడు. కోటకి దారి అడిగితే ఓ పెద్దాయన "నేనూ అటే" అని తన సైకిల్ మీద తోడొచ్చాడు. ఆయన అటేమీ కాదని తర్వాత తెలిసింది. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకి సముద్రం ఊళ్ళోకి వచ్చి 30 వేల మంది దాకా పోయారని నేను చదివి వెళ్ళాను. కానీ నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఉంటాయో, ఈ నేల ఎంత పల్లమో ఆయన సైకిల్ దిగి చెయ్యి చాపి చూపించే దాకా నా బుర్రకెక్కలేదు. 1977 ఉప్పెనప్పుడు ఆయనకి పదిహేనేళ్ళట. దివిసీమకి అన్నం పొట్లాలు మోసుకెళ్ళిన సంగతి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. నేనూ ఏమీ అడగలేదు.

వెళ్ళేటప్పుడు ఓ ఐదొందలు ఇవ్వబోతే తీసుకోలేదు సరికదా, టీ కూడా ఆయనే ఇప్పించాడు. నా ఫ్రెండ్సుకి చెబితే "ఆహా, మనవాళ్ళ మంచితనం" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పాండిచ్చేరిలో రెండు గంటల కథకి బిల్లిచ్చారు. బందర్లో అంతకంటే గొప్ప కథ చెప్పినాయనకి, తన ఊరి కథకి ఒక ధర ఉంటుందని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది వారాంతం వస్తే చాలు డబ్బు ఖర్చుపెట్టడానికి చోటు వెతుక్కునే మనం కాదా?

ఇదంతా చెప్పి, పది మందిమి కలిసి బందరులో అలాంటి సైకిల్ టూరు మొదలుపెట్టిద్దాం అన్నాను. దానికి వచ్చిన జవాబే ఆ లడ్డూ. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్సైటు చేసి, అక్కడ సైకిల్ తొక్కిన ఫోటోలు ఫేసుబుక్కు నిండా పెట్టిన మనిషి అన్నాడీ మాట. ఆ ఆమ్‌స్టర్‌డామ్ కంపెనీ ఓడలు లంగరేసింది బందర్లోనే బాబూ!

"శిథిలాలే కదా" అన్నాడు ఇంకొకాయన. అవును, శిథిలాలే. రాజస్థాన్ కోటలాగా బస్సు దిగి నోరెళ్ళబెట్టే సరుకు అక్కడ లేదు. సైకిలూ గైడూ కావాల్సింది అందుకే. కోట ఒక చోట, సమాధులు ఒక చోట, 1843లో నోబుల్ దొర పెట్టిన కాలేజీ ఇంకో చోట, పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు మొదలెట్టిన వీధులు ఇంకెక్కడో. కారులో పోతే పది నిమిషాల్లో దాటేస్తాం, నడిస్తే కాళ్ళు పడిపోతాయి. చెప్పేవాడు లేకపోతే సమాధి వట్టి రాయి.

ఆ రాళ్ళ దగ్గరే ఆపేస్తే మాత్రం నేనొప్పుకోను. తెల్లవాళ్ళు ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది మన బట్ట కోసం. ఆ బట్ట ఇప్పటికీ పక్కనే పెడనలో తయారవుతోంది. కరక్కాయ నీళ్ళలో నానబెట్టడం, బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టి నలుపు తీయడం, పటిక అద్దిన చోటే ఎరుపు పట్టడం... కెమిస్ట్రీ ల్యాబులో నాకు అర్థం కానిది అక్కడ అరగంటలో అర్థమైంది. టూరు డబ్బులో మొదటి వాటా ఆ అద్దకం పనివాళ్ళకి పోవాలి.

"నువ్వు తెలంగాణ కదా, నీకెందుకు బందరు గొడవ" అని కూడా అడిగారు. అయ్యా, అది మా గోల్కొండ రేవు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన బంగారు ఫర్మానాతో ఇంగ్లీషువాళ్ళు ఏడాదికి 500 వరహాలు కట్టి అక్కడ వ్యాపారం చేసుకున్నారు. ఖమ్మం వైపు నాగులవంచలో డచ్చివాళ్ళ కొఠీ ఉండేది, అక్కడి సరుకు దిగేది బందరుకే. హైదరాబాదు నుంచి వెళ్ళే 65వ నంబరు హైవే ఈ రోజుకీ అక్కడికే చేరుతుంది.

ఎండ అంటారా? పాండిచ్చేరిలో మంచు కురుస్తోందా? పొద్దున ఆరుకి మొదలెట్టి ఎనిమిదిన్నరకి ఇడ్లీ దగ్గర తేలడమే. "ప్రభుత్వం చెయ్యాలి" అనే మాటకి మాత్రం నా దగ్గర ఓపిక లేదు. పది సైకిళ్ళు, ఒక పంక్చరు డబ్బా, ఊరు తెలిసిన ఇద్దరు మనుషులు. దీనికి జీవో కావాలా? మా బొగ్గుబావులు చూపించడానికే 2022 చివర్లో ఆర్టీసీ హైదరాబాదు నుంచి 'సింగరేణి దర్శన్' బస్సు వేసింది. టికెట్టు కొని బొగ్గు చూసే జనం ఉన్నారంటే, బందరుకి రారా?

జనవరిలో రెండో శనివారం మళ్ళీ వెళ్తున్నా. సైకిల్ షాపాయన ఆరు సైకిళ్ళు సర్దుతానన్నాడు. పెద్దాయనకి మనిషికి ఐదొందల చొప్పున ముందే ఇస్తామని ఫోన్లో చెబితే నవ్వి, "వచ్చాక చూద్దాం" అన్నారు. ఈసారి చూడ్డాల్లేవు, కవర్లో పెట్టి ఇచ్చేస్తా. నలుగురు ఖాయమయ్యారు, రెండు సైకిళ్ళు ఖాళీ. వెయ్యి సంగతి ఈమధ్యే తెలుసుకున్న మా బాపు కూడా వస్తానంటున్నాడు. సైకిల్ మాత్రం ఎక్కడట, వెనకాల ఆటోలో వస్తాడట.