నీలగిరి కొండబండి

ప్రయాణమనగా మన యిండ్లలో మొదట జ్ఞప్తికి వచ్చునది పులిహోర. ఎన్ని పొట్లములు కట్టవలెను, చంటివానికి పాలెట్లు, మామగారి మాత్రలు ఏ సంచిలో నున్నవి యను చింతతోనే గృహిణి బండి యెక్కును. ఆ చింతతోనే దిగును. తిరిగి వచ్చిన పిదప "ఏమి చూచితివమ్మా?" యని పుట్టింటివారడిగినచో చెప్పుట కామెకేమియు నుండదు. ఒక్క దినమైనను తాము కిటికీకడ కూర్చుండి చూడదగిన ప్రయాణ మేదియో తెలుపుడని కొందరు సోదరీమణులు మమ్మడుగుచున్నారు. కాశీ రామేశ్వరములు పుణ్యమునకు. వానిని గూర్చి మేము చెప్పనక్కరలేదు. వినోదమునకైనచో నీలగిరి కొండబండినే చెప్పుదుము.

కోయంబత్తూరునకు ఉత్తరముగా కొండల యడుగున మేట్టుపాళయమను నూరు కలదు. అచ్చటనుండి కూనూరు మీదుగా ఉదకమండలమువరకు 46 కిలోమీటర్ల సన్నని రైలుదారి. దీనికి 1854లోనే ఆలోచన పుట్టినను కొండ లొంగలేదు. పని 1891లో మొదలై, 1899లో కూనూరువరకును, 1908లో ఉదకమండలమువరకును బండ్లు నడచినవి. సముద్రమట్టమునకు సుమారు 330 మీటర్ల యెత్తున బయలుదేరిన బండి 2,200 మీటర్ల యెత్తునకు చేరును. దారిలో 16 సొరంగములు, 208 మలుపులు, 250 వంతెనలు. పైకి పోవుటకు ఇంచుమించు అయిదు గంటలు పట్టును. మోటారులో పోయిన అందులో సగము కాలము చాలును గదా, ఈ బండి యెందులకని ఇంటిలోని మగవారడుగుదురు. ఆ ఆలస్యమే ఇచ్చటి భాగ్యము. నిటారుగా నున్న భాగమున గంటకు 13 కిలోమీటర్లకు మించని నడకతో, పోకతోటలు, వెదురుపొదలు, లోయలు, పిమ్మట తేయాకు తోటలు ఒక్కొక్కటిగా కంటినిండ చూడనిచ్చి బండి కదలును.

ఎక్కునప్పుడు ఇంజను ముందుండదు, వెనుకనుండి నెట్టును. కల్లారు మొదలు కూనూరువరకు వాలు ఎంతటిదనగా, మిక్కిలి కష్టమైన చోట పండ్రెండు అడుగులు సాగులోపల ఒక యడుగు పైకెక్కవలెను. ఇనుపపట్టాలపై ఇనుపచక్రము అట్టి వాలున జారిపోవును. అందుచేత రెండు పట్టాల నడుమ పండ్లుగల కమ్ములు రెండింటిని పరచినారు. ఇంజను క్రింది పండ్లచక్రము వానిని కరచుకొని పైకెక్కును. కుట్టుమిషనులో సూది క్రింద గుడ్డను పట్టి జరపు పండ్లపట్టెను మీరెరుగుదురు. ఇదియు కొంత యట్టిదే. ఒక కమ్మికి పండు ఉన్నచోట రెండవదానికి సందు ఉండును. మేడమెట్ల కమ్మిని ఒక చేయి విడుచులోపల రెండవ చేయి పట్టుకొన్నట్లు, పట్టు తప్పదు. ఇది రోమన్ ఆబ్ట్ అను స్విట్జర్లాండు ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి. భారతదేశమున ఇట్టి పండ్లపట్టా రైలు ఇదొక్కటియే.

మాకు మిక్కిలి నచ్చిన సంగతి వేరొకటి కలదు. మామూలు చక్రములను త్రిప్పిన ఆవిరిని ఆ వాలుదారిలో బయటకు విడిచిపెట్టక, పండ్లచక్రమును త్రిప్పు సిలిండర్లలోనికి మరల పంపుదురు. అన్నము వార్చిన గంజిని పారబోయని ఇల్లాలి పొదుపు! స్విట్జర్లాండునుండి వచ్చిన యింజనులకు తోడుగా, తిరుచిరాపల్లి కడ పొన్మలై కర్మాగారమున నూనెతో మండు క్రొత్త యింజనులను గూడ చేసినారు. యునెస్కోవారు 2005లో ఈ రైలుదారిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చిరి. డార్జిలింగు చిన్నబండికి ఆ గౌరవము 1999లోనే దక్కినది. మన పిల్లలకు మాత్రము ఈ బండి 1998 నాటి 'దిల్ సే' హిందీ చిత్రమువలన తెలియును. ఆ పాటలోవలె పైకప్పు ఎక్కుదుమని వారు పట్టుపట్టకుండ చూచుకొనుడు.

ఇక, యాత్రాపుస్తకములు తరచుగా సిగ్గుపడి విడుచు మాట యొకటి చెప్పవలెను. ఈ చిన్నపెట్టెలలో మరుగుదొడ్డి లేదు. అట్టి ప్రయాణమనగానే ముందునాటి రాత్రినుండి నీరు మానుట మన ఆడవారి అలవాటు. ఫలితము తలనొప్పి, కడుపులో మంట. అట్లు కొండ చూచుటకంటె ఇంట నుండుట మేలు. నీరు మానవద్దు, నిలుపులను ఎరిగి త్రాగుడు. మేట్టుపాళయమున బండి కదలకముందే స్టేషనులో పని చూచుకొనవలెను. నడిదారిలో హిల్‌గ్రోవ్ అను చోట ఇంజను నీరు పట్టుకొనును. అప్పుడు మనమును దిగవచ్చును. చేతిలో అరటిపండుతో మాత్రము దిగరాదు, అచ్చటి కోతులు మనకంటె చురుకైనవి. కూనూరులో ఆవిరి ఇంజనును తీసి డీజిలు ఇంజనును తగిలింతురు గనుక మరికొంత వ్యవధి దొరకును. అత్తగారు వృద్ధురాలై అన్ని గంటలు కూర్చుండలేనిచో, కూనూరు ఉదకమండలముల నడుమ మాత్రము నడచు బండ్లు కలవు. గంట సేపటి ప్రయాణమే. పండ్లపట్టా యచ్చట లేకపోయినను, వెల్లింగ్టను, కేత్తి మీదుగా పోవు ఆ దారియు అందమైనదే.

చెన్నపట్టణమునుండి రాత్రి బయలుదేరు నీలగిరి ఎక్స్‌ప్రెస్సు తెల్లవారునప్పటికి మేట్టుపాళయము చేరును. కొండబండి ఏడు దాటిన కొలదిసేపటికి కదలును. చోట్లు తక్కువ, కోరువారెక్కువ. టిక్కెట్లు చాల ముందుగా తీసికొనవలెను. కిటికీచోటు ఎవరిదో ఆనాడే ఇంటిలో తేల్చుకొనుట మంచిది. లేనిచో అది పిల్లలకును, పిమ్మట వారి తండ్రికిని పోవును. భోజనపు మూటలు వద్దు. ఒక పూట ఇడ్డెనలు కొని తినిన ఎవరికిని ముప్పు లేదు. ఒక శాలువ మాత్రము మరువరాదు. అక్టోబరునుండి డిసెంబరువరకు వానలు మెండు. కొండచరియలు పట్టాలపై పడి బండ్లు దినములతరబడి నిలిచిపోవుట కలదు గనుక, ఆ నెలలలో విచారించుకొనియే బయలుదేరవలెను.

ఆనాడే తిరిగివచ్చువారికి ఉదకమండలమున రెండు గంటలకు మించి దొరకదు. ఆ కొంచెములో తోటలు, చెరువు, అంగళ్లు అన్నియు చూడవలెనని పరుగులెత్తువారిని చూచితిమి. వారిపై మాకు జాలి కలిగినది. స్టేషను దగ్గరనే వేడిగా తేనీరు త్రాగి, కాళ్లు చాపుకొని కూర్చుండుటయే మా సలహా. దిగునప్పుడు ఇంజను ముందుండి బరువును ఆపుకొనుచు పోవును. ప్రతి పెట్టె కడను ఒక బ్రేకు పనివాడు నిలిచి, సంజ్ఞ చూచి బ్రేకు బిగించుచుండును. ఈ మారు మూడున్నర గంటలే. ప్రొద్దు వాలులోపల క్రిందికి చేరి, ఆ రాత్రికే చెన్నపట్టణపు బండి యెక్కవచ్చును.