మా నానీకి కుర్చీ వేయండి

పిల్లవాడి బతుకు మీద తీర్పు చెప్పడానికి కూర్చున్నప్పుడు మీరెవర్ని పిలుస్తారు? కాపుల ఇంటి పిల్లవాడైతే మేనమామకు కబురు పెడతారు. అమ్మమ్మ ఉందా, పెద్దమ్మ ఉందా అని వాకబు చేస్తారు. అదే మా ఇంటి పిల్లవాడైతే "మీ మసీదు పెద్ద ఎవరు?" అంటారు. ఏం, మాకు మామూ లేడా? నానీ లేదా? ఖాలా, ఫూఫీ లేరా? మాది కుటుంబం కాదా, ఉత్త మతమేనా? మా గొడవంతా ఇక్కడే.

చట్టం మమ్మల్ని ఇలా చూడమనలేదు. 2015 నాటి బాలల న్యాయచట్టం మూడో సెక్షన్ చదవండి. పిల్లల పెంపకం, రక్షణ ముందుగా కుటుంబానివేనంటుంది. పిల్లవాడి మాట వినాలంటుంది. వాణ్ణి హోములో పెట్టడం చిట్టచివరి మార్గమంటుంది. ఎక్కడైనా పిల్లవాడు దొరికితే 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలి. అధ్యక్షులొకరు, సభ్యులు నలుగురు. మేజిస్ట్రేటుకుండే అధికారాలు వాళ్లకుంటాయి. ఆ ఐదుగురిలో ఒక స్త్రీ తప్పనిసరిగా ఉండాలని రాసిన చట్టం, పిల్లవాడి ఇంటి భాష తెలిసినవాళ్లు ఒకరైనా ఉండాలని రాయలేదు. పోనీ, భాష సంగతి వదిలేద్దాం. అదే చట్టంలో బంధువు అంటే ఎవరో నిర్వచనం ఉంది: చిన్నాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, తాత, నాయనమ్మ, అమ్మమ్మ. అందరూ ఉన్నారు. ఎందుకున్నారు? దత్తత కోసం. పిల్లవాణ్ణి దత్తు ఇచ్చేటప్పుడు గుర్తొచ్చిన ఈ మనుషుల్నందర్నీ, వాడెక్కడ ఉండాలో తేల్చేటప్పుడు ఒకచోట కూర్చోబెట్టి అడిగి తీరాలనే నియమం మాత్రం లేదు. అడిగితే అధికారి మంచితనం. అడగకపోతే మా ఖర్మ.

పొందూరు సంగతే చూడండి. సన్నఖద్దరుకు పేరుపడ్డ ఊరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి నూలు వడికే ఆడవాళ్ల ఊరు. ఈ శ్రీకాకుళం జిల్లాలో మేం వందకు ఒక్కరం కూడా లేం. హైదరాబాదులోలాగా, కర్నూలులోలాగా మాకు మొహల్లాలు లేవు. పక్కింటి అరుగే మా మొహల్లా. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే శ్రీకాకుళం తెలుగు. ఏడుపు ఒక భాషలో, అర్జీ ఇంకో భాషలో.

ఇలాంటి ఊళ్లో ఒక ఇల్లు అనుకోండి. తల్లి చనిపోయింది. తండ్రి కట్టుబడి పనికి హైదరాబాదు పోయాడు. ఎనిమిదేళ్ల గుంటడు నానీ దగ్గర పెరుగుతున్నాడు. ఊరి పక్కనుంచే హౌరా - మద్రాసు రైలుమార్గం. అయ్యను చూస్తానని ఒకనాడు బండెక్కాడు, ఏదో స్టేషన్లో రైల్వే పోలీసులకు దొరికాడు. కమిటీ ముందు నిలబెట్టారు. నానీకి పిలుపు రాదు. ఎందుకంటే ఆమె ఏ కాగితంలోనూ లేదు. ఎలాగో తెలుసుకుని, ఒకరోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి వచ్చిందే అనుకోండి, "నువ్వు వీడికి ఏమవుతావు?" అంటారు. ఏమవుతుందని చెప్పాలి? పెంచింది. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. ఒకచోట బీ, మరోచోట బేగం. ఈమె సంరక్షకురాలని రుజువేమిటంటారు. ఆ పైన పెద్దమనిషి సంతకం తెమ్మంటారు. అంటే ఎవరిది? నిరుడు వేరే రాష్ట్రం నుంచి జీతానికి వచ్చిన ఇమాం సాబ్‌ది. ఆ పిల్లవాడి పేరు కూడా ఆయనకు తెలియదు. పొద్దున్నే వాడికి గంజి తాగించిన మనిషి వరండాలో నిలబడి ఉంటుంది. వాడి ముఖం చూడని మనిషికి లోపల కుర్చీ వేస్తారు.

ఇది మేం ఊహించి చెప్పిన ఇల్లే. కానీ ఆ వరండా ఊహ కాదు. విలేకరి ఉద్యోగంలో అలాంటి వరండాల్లో మేం ఎన్నో పొద్దులు నిలబడ్డాం.

అసలు మా ఇళ్లల్లో పిల్లల్ని పెంచుకోవడానికి కాగితం అవసరమని ఎవరికీ తోచదు. అక్క చనిపోతే చెల్లెలు పెంచుతుంది. తండ్రి పేరు మారదు, వారసత్వం మారదు, పెంపకం మాత్రం మారుతుంది. అరబ్బీలో దీన్ని కఫాలా అంటారు. ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన బాలల హక్కుల ఒడంబడిక ఇరవయ్యో అధికరణంలో ఆ మాటనే వాడింది. పిల్లవాడి మతం, భాష, సంస్కృతి తెగిపోకుండా చూడమని కూడా అందులోనే రాసింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికను ఒప్పుకుంది. ఇష్టమున్న ముస్లిం బాలల న్యాయచట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మంచిదే. తీసుకునేవాళ్లు తీసుకుంటారు. కానీ కాగితం లేకుండా పెంచిన ఖాలా పరాయిది ఎట్లా అయింది?

మమ్మల్ని మతంగా మాత్రమే చూస్తే ఏమవుతుందో 2023లో దేశమంతా చూసింది. మే 30న దానాపూర్ - పుణె ఎక్స్‌ప్రెస్ నుంచి 59 మంది పిల్లల్ని భుసావల్, మన్మాడ్ స్టేషన్లలో దింపేశారు. బీహారు పిల్లలు. మహారాష్ట్రలోని మదర్సాలకు చదువుకోను పోతున్నారు. అక్రమ రవాణా అన్నారు. వెంట ఉన్న ఐదుగుర్ని జైల్లో పెట్టారు. పిల్లల్ని హోముల్లో ఉంచారు. మరుసటి ఏడాది, అక్రమ రవాణా ఏదీ జరగలేదని, పోలీసులే కేసు మూసేశారు. ఆ పిల్లల అమ్మల మాట మొదటి రోజే వినివుంటే ఆ కేసు పుట్టేదేనా?

లౌకిక మిత్రులు వెంటనే ఒక ప్రశ్న వేస్తారు. కుటుంబమే పిల్లవాణ్ణి అమ్ముకుంటే? న్యాయమైన ప్రశ్న. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి వందలాది పిల్లల్ని విడిపించారు. వాళ్లలో ఎక్కువమంది బీహారు పిల్లలు. గాలీ వెలుతురూ లేని గదుల్లో పొద్దస్తమానం గాజులకు రాళ్లు అతికించిన పిల్లలు. ఆ యజమానుల్ని మేం వెనకేసుకు రాం. వాళ్లలో మావాళ్లున్నా సరే, ఉంటే ఇంకా గట్టిగా అంటాం. కానీ అప్పుచేసి పిల్లవాణ్ణి పంపిన తండ్రితో ఆ అప్పు గురించి మాట్లాడకుండా, పిల్లవాణ్ణి రైలెక్కించి పంపేస్తే వాడు ఎక్కడికి చేరతాడు? ఇంకో కార్ఖానాకే. కుటుంబాన్ని పిలవడమంటే దాని తప్పును కాయడం కాదు. తప్పును దాని ముఖాన అడగడం కూడా.

డబ్బులేదనీ చెప్పొద్దు. బంధువుల ఇంట్లో పెరిగే అనాథ పిల్లలకు, వితంతువుల పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. పొందూరు నానీలకు ఈ సంగతి ఎవరు చెప్పారు? హోము అడ్రసు మాత్రం అందరికీ తెలుసు.

మా పెద్దలకూ ఒక మాట ఉంది. ఆఫీసరు పిలవగానే షేర్వానీ తొడుక్కుని పోయి కుర్చీలో కూర్చుంటారే, మీరు చదివిన ఫిఖా ఏమంటుంది? తల్లి లేకపోతే పిల్లవాణ్ణి సాకే హక్కు ముందుగా నానీదంటుంది. తలాఖ్ దగ్గర షరియత్ గుర్తొచ్చిన మీకు నానీ దగ్గర ఎందుకు గుర్తురాదు? ఆమెకు మీ కుర్చీ ఇచ్చి మీరు లేచి నిలబడాల్సింది.

న్యూజిలాండులో మావోరీలు ఇదే గొడవ పడ్డారు. వాళ్ల పిల్లల్ని తీసుకుపోయి హోముల్లో నింపుతుంటే, మా పిల్లల సంగతి మా వంశమంతా కూర్చుని తేల్చుకుంటుందన్నారు. 1989లో అక్కడ చట్టం మారింది. పిల్లవాడి మీద నిర్ణయానికి కుటుంబ సమావేశం పెట్టాలి. అధికారి వచ్చి తనకు తెలిసింది చెప్పాలి. ఆ తర్వాత గదిలోంచి లేచి బయటికి పోవాలి. లోపల తాతలు, అత్తలు, మామలు తమలో తాము మాట్లాడుకుని ఒక మాటకు వస్తారు. పిల్లవాడికి ప్రమాదం లేదనుకుంటే అధికారి ఒప్పుకోవాలి. దానితో అన్నీ సర్దుకోలేదు. 2019లో హేస్టింగ్స్ ఆసుపత్రిలో పురిటి మంచం మీది మావోరీ తల్లి నుంచి బిడ్డను లాక్కోబోతే ఆ దేశం అట్టుడికింది. అయినా అడగడానికి అక్కడ వాళ్లకొక చట్టముంది. మాకు ఒక వరండా ఉంది.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. పిల్లవాడు దొరికిన రోజే, వాణ్ణే అడిగి, పెంచినవాళ్ల పేర్లు రాసుకోండి. వాళ్లకు అర్థమయ్యే భాషలో కబురు పెట్టండి. వచ్చిపోయే బస్సు ఖర్చులివ్వండి. ఒక గంట తలుపు మూసి వాళ్లను వాళ్లతో వదిలేయండి. ఆ గంటసేపు మీరు బయట కూర్చోండి. మా ఇమాం సాబ్‌ను కూడా మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.