గుంజాల అక్షరానికి ఒంపు ఎవరు దిద్దాలి?

ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో చేతిరాత ప్రతుల్లో బతికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. సంతోషమే. అయితే యూనికోడ్ అక్షరానికి ఇచ్చేది ఒక నంబరే. ఒంపు, మందం, పక్క అక్షరంతో ఎడం దిద్దాల్సింది ఫాంటు గీసే మనిషి. ఆ మనిషిని తయారుచేయాల్సింది ఆర్ట్ కాలేజీ. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ చదవడానికి కరీంనగర్ నుంచో ఉట్నూరు నుంచో హైదరాబాద్ బస్సెక్కే పిల్లలు వెండి తీగపని మెలికనూ, నిర్మల్ బొమ్మల పొనికి చెక్క మీది రంగునూ కళ్లలో పెట్టుకుని వస్తారు. సాఫ్ట్‌వేర్ ఆర్నెల్లలో పట్టుబడుతుంది, ఆ చూపు పట్టుబడదు. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే వాళ్లచేత గుంజాల అక్షరాలు గీయించాలి, ముందు కలంతో, తర్వాతే కంప్యూటర్‌లో. పక్కన ఆ లిపి చదవగల గోండు పెద్ద ఒకరు గురువుగా, జీతం తీసుకుంటూ కూర్చోవాలి.