ఓడిన యాటను మరల చదువుడు

మన పట్టణములలో చదరంగమునందు అభిరుచి నానాట హెచ్చుచున్నది. ఇది సంతోషింపదగిన విషయము. తెలుగు ఆడుబిడ్డ కోనేరు హంపి 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండుమాస్టరు బిరుదము నందెను. ఓరుగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి 2024లో 2800 రేటింగును దాటెను. చెన్నపట్టణమున తెలుగు కుటుంబములో పుట్టిన గుకేశ్ ఆ సంవత్సరమే డిసెంబరు 12వ తేదీని, పదునెనిమిదవ యేట, సింగపూరులో జగజ్జేత యయ్యెను. ఈ వార్తలు చదివి ఉప్పొంగని తెలుగువాడు లేడు.

కాని ఉప్పొంగుట వేఱు, నేర్చుట వేఱు. నేడు మన బాలురు సెల్‌ఫోనుపై దినమునకు పదులకొలది ఆటలాడుచున్నారు. ఓడినచో క్షణమైన నిలువక మరియొక ఆటకు పూనుకొందురు. గెలుపు తమ ప్రజ్ఞ, ఓటమి గ్రహచారము! ఇట్లు నూఱాటలాడినవాడు ఒక్క తప్పునే నూఱుమార్లు చేసినవాడగునే కాని, నూఱాటల అనుభవము గడించినవాడు కాడు.

న్యాయస్థానమున వ్యాజ్య మోడిన వకీలు ఏమి చేయును? తీర్పు నకలు తెప్పించును. సాక్షుల వాఙ్మూలములను మొదటినుండి చదువును. అడుగరాని ప్రశ్న నెచ్చట నడిగితినో, అడుగవలసినదాని నెచ్చట విడిచితినో వెదకును. న్యాయాధిపతిని దూషించుచు ఇంట కూర్చుండువాడు అప్పీలు వ్రాయజాలడు. చదరంగమునకును ఇట్టి రికార్డు కలదు. పెద్ద పోటీలలో ప్రతి క్రీడాకారుడును తన ఎత్తులను, ఎదిరి ఎత్తులను కాగితముపై వ్రాసికొని తీరవలెనని నిబంధన. ఆ కాగితమునే మనవారు మడిచి పారవేయుచున్నారు!

రష్యా దేశపు మహాక్రీడాకారుడు బోత్విన్నిక్ ఇట్లు చేయలేదు. తన యాటలను తానే నిర్దాక్షిణ్యముగ పరిశీలించి, ఆ వ్యాఖ్యలను అచ్చువేయించి, పరుల విమర్శకు గుఱిచేయవలెనని ఆయన బోధించెను. తన తప్పును తాను దాచుకొన్నను, చదువరి దాచనీయడు గదా! 1957లో స్మిస్లోవునకును, 1960లో తాల్ అను యువకునకును ఆయన జగజ్జేతృత్వమును కోలుపోయెను. రెండు పర్యాయములును మరుసటి సంవత్సరముననే తిరిగి గెలుచుకొనెను. 1961లో తాల్‌ను 13–8 పాయింట్లతో ఓడించునాటికి ఆయనకు ఏబది యేండ్లు కావచ్చినవి. ఓటమిని అవమానముగ గాక పాఠముగ గ్రహించినవానికే ఇది సాధ్యము.

ఇప్పుడు యంత్రము లున్నవి గదా, అవియే తప్పులు చూపవా యని కొందఱందురు. నిజమే. 1997లోనే యంత్రము కాస్పరోవును జయించినది. నేటి యంత్రముల ముందు మానవుడు నిలువజాలడు. అయినను యంత్రము తీర్పు చెప్పునే కాని, ఆ తప్పుటెత్తు వేయునపుడు నీ మనస్సున నేమి మెదలెనో చెప్పజాలదు. గుకేశ్‌ను అతని గురువు విష్ణుప్రసన్న చిరకాలము యంత్రములకు దూరముగ నుంచి, సొంత బుద్ధితో లెక్కించుట నేర్పిన సంగతి జగద్విదితము.

కావున మే మిట్లు సూచింతుము. ఆట ముగిసిన దినముననే, ప్రతి ఎత్తునకు ముందు మీ రనుకొన్నదానిని వ్రాసికొనుడు. ఆట ఏ యెత్తుకడ చేజారెనో మీరే నిర్ణయింపుడు. అచ్చట వేయదగిన మరి రెండు మూడెత్తులను పరిశీలింపుడు. బల్లను త్రిప్పి ఎదిరి కన్నులతో చూడుడు. వీలైనచో అతనినే అడుగుడు. తమకంటె నేర్పరికి చూపుడు. యంత్రమును కడపట మాత్రమే సంప్రదింపుడు. తప్పు ఏ జాతిదో, ప్రారంభమునందలి అజ్ఞానమో, లెక్కలోని పొరపాటో, కాలము చాలమియో, ఒక పుస్తకమున గుర్తింపుడు.

ఇది పరోపదేశము కాదు. ప్రారంభపుటెత్తులు తెలియకయే ఓడుచున్నామని తలచి, మేమును పుస్తకములపై పుస్తకములు కొంటిమి. ఓడిన యిరువది యాటలను ముందిడుకొని చూడగా తేలినది వేఱు. ఒక బంటును గెలిచినంతనే మాకు తృప్తి కలుగుచుండెను; పిమ్మట ఎదిరి యెత్తును చూచుట మానుచుంటిమి. సగమునకు మించిన యాటలు ఆ తృప్తిచేతనే పోయినవి. దోషము పుస్తకములలో లేదు, మాలో నున్నది. అది మా చేతివ్రాతలోనే కనబడునపుడు ఎవ్వరిని నిందింపగలము?

మహాక్రీడాకారుల యాటలు చదువవలదని మే మనము. కాని వారి గ్రంథములలో వారి తప్పులే యుండును, మన తప్పులుండవు. పఠనమందిరములయందు చదరంగపు బల్లలున్న చోట్ల, వారమున కొకనాడు గెలిచినవారి యాటలు గాక, ఓడినవారు తమ యాటలను తామే నలుగురియెదుట విప్పి చెప్పు ఆచారము నెలకొల్పుదురు గాక! మొదటి వారము సిగ్గుగ నుండును. ఆ సిగ్గును దాటినవాడే ముందునకు పోవును.